వెనక్కి తిరిగితే బేరం పోయినట్టే

ఒక పాత తక్కెడ కోసం ఈ ఏడాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మూడుసార్లు బస్సెక్కాను. మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అదేమన్నా బంగారు తక్కెడా అంటే కాదు. తుప్పు పట్టిన ఇనుప కాడ, దాని రెండు కొసలకూ తాళ్ళతో వేలాడే రెండు రేకు పళ్ళేలు, పైన పట్టుకోవడానికి ఒక గుడ్డ పీలిక, అంతే. ఎడమ పళ్ళేనికి అరచెయ్యంత సొట్ట ఉంది. ఆ సొట్ట మా అమ్మ చేసింది. పోయిన వానాకాలంలో మా అమ్మ పోయింది. ఆమె బైబిలు తమ్ముడు తీసుకున్నాడు, చీరలు మరదలు పంచిపెట్టింది, ఇత్తడి చెంబు ఎవరిదో తెలియకుండానే ఎటో పోయింది. నన్ను కూడా ఏదైనా తీసుకోమన్నారు. నాకు కావలసింది ఆ ఇంట్లో లేదు. అది రెండు వీధుల అవతల ఓబుళమ్మత్త ఇంట్లో, గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది.

ఓబుళమ్మత్త మాకు చుట్టమేం కాదు. నా చిన్నప్పుడు నెత్తిన గంప పెట్టుకొని మా సందులో కూరగాయలు అమ్మిన మనిషి. ఆ రోజుల్లో పెద్దవాళ్ళనందరినీ ఏదో ఒక వరస పెట్టి పిలిచేవాళ్ళం కాబట్టి ఆమె నాకు అత్త అయింది. ఇప్పుడు తొంభైకి దగ్గర్లో ఉంది. నడుం వంగింది గానీ నోరు ఇంకా నిటారుగానే ఉంది. అమ్మ పోయిన నెలకు చూడ్డానికి వెళ్ళి, మేకుకున్న తక్కెడ చూసి, "అత్తా, అది నాకియ్యి. నువ్వెంతంటే అంత ఇస్తా" అన్నాను. మంచం మీద కూర్చుని వక్కాకు నములుతున్నదల్లా నమలడం ఆపింది.

"ఎంతంటే అంతనా?"

"ఎంతంటే అంతే."

"అట్లయితే ఇయ్యను పో" అంది.

రెండోసారి కవరులో రెండువేలు పెట్టి చేతికిచ్చాను. తెరిచి కూడా చూడకుండా నా ఒళ్ళో పడేసింది. "ఏం మే, నేనేమన్నా అడుక్కుంటాండానా? కవర్లో పెట్టి ఇచ్చేకి ఇదేమన్నా పెండ్లి చదివింపా?" మూడోసారి మంచి నేతచీర తీసుకుపోయాను. చీర తీసుకుంది. అంచు బాగుందని కూడా అంది. తక్కెడ మాట ఎత్తితే మాత్రం చెవుడు వచ్చినట్టు కూర్చుంది. బయటికి వచ్చి బస్టాండు దగ్గర ఆమె కూతురు లక్ష్మీదేవికి మొర పెట్టుకున్నాను. లక్ష్మీదేవి కూడా కూరగాయలే అమ్ముతుంది, ఎర్ర అంకెలు వెలిగే కరెంటు కాటా పెట్టుకొని.

"టీచరక్కా, మాయమ్మ నిన్ను ఆడిస్తాండేది నీ దుడ్ల కోసరం కాదు. నువ్వు బేరమాడల్లంట. ఆడకుండా ఎత్తుకపోతే ఆ తక్కెడకు మర్యాద కాదంట" అంది.

"ఈ వయసులో నాకిదేం పరీక్ష లక్ష్మీ?"

"ఏమో అక్కా. రూతమ్మ కూతురికి బేరం రాదంటే నేను నమ్మను, నా దగ్గర నాటకాలాడుతాండాది అంటాది."

నాటకం కాదు. రూతమ్మ కూతురికి నిజంగానే బేరం రాదు. ముప్పై అయిదేళ్ళు తెలుగు టీచరుగా పనిచేశాను. బేరానికి సంబంధించిన మాట ఏదడిగినా అర్థం చెప్పి, సొంత వాక్యంలో ప్రయోగించి చూపించగలను. మనిషి ఎదురుగా నిలబడి ఒక ధర చెప్తే మాత్రం నా చెయ్యి దానంతటది పర్సులోకి పోతుంది. నంద్యాలలో ఇప్పుడు బేరం అవసరం కూడా పడడం లేదు. కోడలు ఫోనులో వేలితో నొక్కితే కూరగాయలు గుమ్మంలోకి వస్తాయి, ఎవరు పండించారో ఎవరు తూచారో తెలియదు. తోపుడుబండి అతను కూడా ధర రాసిన అట్టముక్క ఒకటి, డబ్బు పంపే గళ్ళబొమ్మ ఒకటి వేలాడదీసి, చెవుల్లో ఏవో పెట్టుకొని పాటలు వింటుంటాడు. ఒకసారి పెద్ద దుకాణంలో వంకాయలు వాడిపోయి ముడతలు పడి ఉంటే, నాకున్న ధైర్యమంతా కూడగట్టుకొని, "బాబూ, వీటికి కూడా అదే ధరా?" అన్నాను. "సిస్టంలో ఎంతుంటే అంతే మేడం" అని నా వెనకావిడ బుట్ట లాక్కున్నాడు. ఆ సిస్టం ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే వెళ్ళి నాలుగు దులిపేదాన్ని.

చిన్నప్పటి మా ఇల్లు ఆళ్లగడ్డలో చర్చి వెనక సందులో ఉండేది. రెండు గదులు, కడపబండలు పరిచిన అరుగు, పక్కన మేకను కట్టేసే గుంజ. పొద్దున్నే జొన్నరొట్టె కాలే వాసనా, మేక పెంటికల వాసనా, మా నాయన గడ్డానికి రాసుకునే సబ్బు వాసనా కలిసి వచ్చేవి. నాయన బడిపంతులు. మెత్తటి మనిషి. "ఆహారంలోనూ వ్యవహారంలోనూ మొహమాటం పనికిరాదు" అని మాకు నీతి చెప్పేవాడు గానీ, అంగడికి పోతే చెప్పిన ధర ఇచ్చి, పుచ్చులు ఏరుకొచ్చేవాడు. అందుకని ఇంట్లో కొనడమంతా అమ్మ చేతిలోనే ఉండేది. ప్రార్థన ముగిసి నాయన ఆమెన్ అనే వేళకు సరిగ్గా సందు మలుపులో "వంకాయలో, మటిక్కాయలో" అని ఓబుళమ్మత్త కేక వినపడేది. అమ్మ వెంటనే బయటికి రాదు. మూడు కేకలు పడాలి. మూడో కేకకు, ఏదో పనిమీద వచ్చి పొరపాటున గంపను చూసినట్టు గడప దాటేది.

"ఎట్లిస్తాండావ్ మే వంకాయలు?"

"వీసె అర్ధరూపాయి."

"అర్ధరూపాయా! వంకాయలకే?"

"ఇప్పుడు కోసుకొస్తి రూతమ్మా. చూడు, తొడిమె ముల్లు ఎట్ల గుచ్చుకుంటాందో."

"పైన ముల్లుంది, లోపల పురుగుంది. పావలాకియ్యి."

"పావలానా! నీకు నోరెట్లొచ్చె? బోణీ బేరం మే, పొద్దున్నే నా నోరు కట్టెయ్యాకు."

"బోణీ అని అడిగితి. లేకుంటే ఈటిని ముట్టనన్నా ముట్టను."

ఇట్లా మొదలయ్యేది. కొత్తవాళ్ళు చూస్తే ఇద్దరూ కొట్టుకుంటారని భయపడేవాళ్ళు. నాకు మాత్రం ఆ మాటల లోపలి మాటలు నడక నేర్చినప్పటి నుంచే తెలుసు. "గిట్టదు" అంటే నష్టమొస్తుందని కాదు, ఇంకో అణా ఎక్కమని. "యాడన్నా తక్కువకిస్తే కొనుక్కో పో" అంటే పోవద్దని. "కడాకు చెప్పు" అని అమ్మ అడిగిందంటే బేరం కడకు వచ్చినట్టు కాదు, ఇంకా సగం దూరం ఉన్నట్టు. "నా కడుపు కొట్టాకు" అని ఓబుళమ్మత్త అందంటే మనసులో అప్పటికే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఎవరో ఒకరు "నీ మాటొద్దు, నా మాటొద్దు" అనాలి. అన్నాక నడుమ ధర ఒకటి తేలాలి. అప్పుడు తూకం. తూకమయ్యాక కొసరు. కొసరడగని బేరం మా అమ్మ లెక్కలో బేరమే కాదు. రెండు పచ్చిమిరపకాయలైనా, నాలుగు కరివేపాకు రెబ్బలైనా గంపలోంచి అదనంగా పడాల్సిందే.

అన్నిటికంటే గొప్ప ఘట్టం మధ్యలో వచ్చేది. అమ్మ చేతిలో కాయ గంపలో పడేసి, "వద్దులే పో" అని లోపలికి నడిచేది. గంప దగ్గర నుంచి గడపకు ఏడడుగులు. నేను లెక్కపెట్టేదాన్ని. అయిదో అడుగు వరకు ఓబుళమ్మత్త బిగదీసుకొని కూర్చునేది. ఆరు. ఏడో అడుగు పడబోతుండగా "ఓ రూతమ్మా, రా, ఇటు రా, తీస్కపో, నీ ఋణం నాకెందుకు" అని పిలుపు వచ్చేది. అమ్మ నడిచేటప్పుడు మెడ ఇసుమంత కూడా తిప్పేది కాదు. "వెనక్కి తిరిగితే బేరం పోయినట్టే. మన అవసరం వాళ్ళకు తెలిసిపోతాది" అని నాకు చెప్పేది. ఈ తతంగమంతా అరగంట సాగేది. దాంట్లో ధర గురించిన మాటలు పట్టుమని అయిదు నిమిషాలుండేవి కావు. పావలాకూ అర్ధరూపాయికీ నడుమ లక్ష్మీదేవికి వచ్చిన కోరింత దగ్గు, ఓబుళమ్మత్త మొగుడి తాగుడు, నాయనకు అందని జీతం, నల్లరేగడి చేలల్లో పచ్చిశనగకు పట్టిన తెగులు, అన్నీ వచ్చిపోయేవి. నాకేమో బడికి ఆలస్యమవుతోందని చిరాకు.

ఇంతటి అమ్మ నోరు ఒకేఒక్కసారి పడిపోయింది. అది మేక సంగతి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టాను. మా మేక మల్లి పాలే నాకు ఆహారం. ఒక రోజు నేను కళ్ళు తెరవకపోయేసరికి అమ్మ మోకాళ్ళ మీద పడి, "పాప లేచిందంటే మల్లిని నీకిస్తా తండ్రీ" అని మొక్కుకుంది. నేను లేచాను. కోతపండగ దగ్గరికొచ్చింది. మా చర్చిలో కోతపండగకు ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవునికిచ్చేవాళ్ళు. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్ళు, మేకలు. ఆరాధన అయిపోయాక ఆవరణలో వాటిని వేలం వేసి, వచ్చిన రూకలు చర్చికి జమచేసేవాళ్ళు. పెంచుకున్న జీవాన్ని ఇచ్చినవాళ్ళు వేలంలో తామే పాడుకొని ఇంటికి తోలుకొనిపోవడం కూడా వాడుకే. అట్లా పాడేవాళ్ళకు ఎవరూ గట్టిగా పోటీ వచ్చేవాళ్ళు కాదు. "దేవుని దుడ్లు దేవునికి, మన మేక మనకు. నువ్వేం ఏడ్సాకు" అని అమ్మ నాకు ముందురోజే ధైర్యం చెప్పింది. ఏడాదిగా దాచుకున్న నలభై రూపాయలు కొంగున ముడేసుకుంది.

ఆ పొద్దు అయ్యగారు ప్రసంగం చెప్పింది కూడా అర్పణల గురించే. కుంటిదీ గుడ్డిదీ దేవునికి ఇయ్యకూడదు, నిర్దోషమైంది, మనకున్న వాటిలో మేలైంది ఇయ్యాలని చెప్పాడు. అందరూ తలలూపారు. మా అమ్మ అందరికంటే ఎక్కువ ఊపింది. తర్వాత బయట వేలం మొదలైంది. పాడించేది సంఘపెద్ద దేవదానం తాత. గుమ్మడికాయలయ్యాయి, కోళ్ళయ్యాయి. మల్లిని తాడుతో ముందుకు తెచ్చారు. "రూతమ్మ ఇచ్చిన మేక. పాలిచ్చే మేక. సర్కారువారి పాట ఇరవై అయిదు!" అన్నాడు తాత, ఏ వేలమైనా అట్లాగే అనాలనుకునేవాడు పాపం.

మా అమ్మ లేచి నిలబడింది. ధర చెవిన పడగానే ఆమె నోరు ఆమె చెప్పుచేతల్లో లేకుండా పోయింది. "ఇరవై అయిదా! ఈ బక్కమేకకా? పొదుగు చూడు తాతా, పిడికెడన్నా లేదు. ముందరి కాలు కూడా రోంత ఈడుస్తాది. పదైదుకియ్యి" అంది.

ఆవరణంతా నవ్వులు. మగవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. దేవదానం తాత నవ్వలేదు. "ఏం రూతమ్మా, ఇది నువ్విచ్చిందే కదా? బక్కదీ కుంటిదీ అని తెలిసే దేవునికిస్తివా?" అన్నాడు. వెనక నుంచి ఎవరో, "ఇచ్చింది బక్కది, దానికీ దేవునితో బేరం" అన్నారు. మల్లి బక్కదీ కాదు, కుంటిదీ కాదు. మా ఇంట్లో ఉన్నవాటిలో అదే మేలైంది. అమ్మ వంక పెట్టింది కొనబోయేదానికి వంక పెట్టడం తప్ప ఇంకో భాష రాక. ఆ మాట ఆమె చెప్పలేకపోయింది. కొంగు నెత్తిన కప్పుకొని నేల మీద కూలబడింది. ఇక నోరు తెరవలేదు.

చాగలమర్రి నుంచి వచ్చిన మేకల వ్యాపారి ఒకడు ఇరవై ఆరు అన్నాడు. మేకలు వాడి చేతికి పోతే ఎక్కడికి పోతాయో ఊళ్ళో అందరికీ తెలుసు. తాత అమ్మ వైపు చూశాడు, పాడమన్నట్టుగానే చూశాడు. అమ్మ తలెత్తలేదు. "ఒకటోసారి" అన్నాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకొని లాగాను. గిల్లాను. ఆమె కొంగున నలభై రూపాయలున్నాయి, నాకు తెలుసు. నేనే అరుద్దామని నోరు తెరిచాను. ఆ నవ్వులు గుర్తొచ్చి మళ్ళీ మూసుకున్నాను. "రెండోసారి" అన్నాడు తాత.

"ముప్పై!" అని ప్రహరీగోడ అవతల నుంచి కేక. ఓబుళమ్మత్త. పండగనాడు చర్చి గేటు దగ్గర గంప పెట్టుకొని అమ్ముకుంటోంది. మా చర్చి మనిషి కాదు, ఆ పాట ఆమె పాడాల్సిన పనీ లేదు. గంప అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. వ్యాపారి ముప్పై రెండు అన్నాడు. ఈమె ముప్పై అయిదంది.

"కూరగాయలమ్ముకునేదానివి, నీకు మేకెందుకమ్మా?"

"నా దుడ్లు, నా మేక. నీకెందుకప్పా?"

ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. వ్యాపారి ఛీ అని వెళ్ళిపోయాడు. ఓబుళమ్మత్త వక్కాకు సంచి విప్పి, మర్నాటి సరుకుకని పెట్టుకున్నదంతా తాత ముందర కుమ్మరించింది. మల్లిని తోలుకొని, మా అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నేను రాత్రంతా ఏడ్చాను.

మర్నాడు పొద్దున నాయన ఆమెన్ అనకముందే గుమ్మంలో మేక అరుపు. నెత్తిన గంప, చేతిలో తాడు. "మేక అమ్మేకొస్తి. తీసుకుంటావా, సంతకు తోలుకపోనా?" అంది. అమ్మ గడపలో నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఆమె పచ్చినీళ్ళు కూడా ముట్టలేదు. నేను పరుగెత్తబోతే భుజం పట్టుకొని ఆపింది.

"ఎంత చెప్తాండావ్?" అంది చివరికి.

"అరవై."

"అరవయ్యా!" అని మా అమ్మ గొంతు సందు చివరిదాకా వినపడింది. "నిన్న ఎంతకు పాడినావో ఊరంతా చూసింది కదమే! ఒక పూట మేపినందుకు అరవయ్యా? పదైదిస్తా."

"పదైదుకు దాని తోకన్నా రాదు. తూకమేసి చూస్కో ఎంతుందో."

"తూచు మరి! పెట్టు ఈడ నీ మేకను!" అని మా అమ్మ గంపలోంచి అరవీసె గుండు తీసి తక్కెడ పళ్ళెంలో ఠంగుమని కొట్టింది. ఆ సొట్ట అప్పుడు పడిందే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఓబుళమ్మత్తకు నవ్వొచ్చింది, ఆపుకుంది. అమ్మకూ వచ్చింది, ఆపుకుంది. నాయన బడికి పోయాడు, నేను బడి ఎగ్గొట్టాను, బేరం నడుస్తూనే ఉంది. అమ్మ రెండుసార్లు ఏడడుగులూ వేసింది. ఓబుళమ్మత్త ఒకసారి మేకతో సహా సందు మలుపుదాకా పోయింది. చివరికి "నీ మాటొద్దు నా మాటొద్దు" అని తెగిన ధర ముప్పై ఎనిమిది. అణా ఎక్కువ కాదు, అణా తక్కువ కాదు. అమ్మ ముడి విప్పి, సొట్ట పడ్డ పళ్ళెంలో రూపాయలు పోసింది. పోసి, "మేకకు కొసరేది?" అంది. ఓబుళమ్మత్త తిట్టుకుంటూ రెండు కట్టల తోటకూర తీసి మల్లి ముందర పడేసింది.

ఆమె పోయాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. ముప్పై ఎనిమిదే అని ఇద్దరికీ ముందే తెలిసినప్పుడు అంతసేపు ఎందుకని అడిగాను. అమ్మ మేక మెడ నిమురుతూ, "ఆయమ్మ ఎంతంటే అంత ఇచ్చి తీసుకొనింటే, రేపట్నించి ఆయమ్మ మొగం ఎట్ల చూద్దునే?" అంది. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. నాకెక్కింది చర్చిలో నవ్వులే. బడిలో పిల్లలు నన్ను ఏడాదిపాటు బక్కమేక అని పిలిచారు. ఇక జన్మలో ఎవరితోనూ బేరమాడనని ఒట్టు పెట్టుకున్నాను, పెట్టుకున్నట్టే బతికాను. కోయిలకుంట్లలో ఉద్యోగంలో చేరినప్పుడు సంతలో నన్ను చూస్తే అమ్మేవాళ్ళ మొహాలు వెలిగేవి. సెలవులకు ఇంటికి సరుకులు తీసుకుపోతే అమ్మ ఒక్కొక్కటి ధర అడిగి, "ఎంత పిరెంకు కొంటివే, సగానికొచ్చేదాన్ని! ఆ మనిషితో రోంతసేపు మాట్లాడితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని రాత్రిదాకా సాధించేది. నేను చెవులు మూసుకొని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. నాది మర్యాద అనుకునేదాన్ని. అమ్మేవాడితో నాలుగు మాటలు కూడా మాట్లాడకుండా, డబ్బు పడేసి వచ్చేదాన్ని, ఇప్పుడు నంద్యాలలో అందరూ చేస్తున్నట్టే. అందరికంటే ముందు చేసింది నేనే అని తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం నాలుగోసారి వెళ్ళాను. ఓబుళమ్మత్త మంచం వాకిట్లో వేసుంది. తక్కెడ మేకు మీద లేదు, ఆమె కాళ్ళ దగ్గర ఉంది. వీధిలో పాతసామాన్ల బండి మైకులో అరుచుకుంటూ వస్తోంది.

"వానికేస్తా. వాడన్నా బేరమడుగుతాడు" అంది.

"ఎందుకత్తా ఇంత పంతం?" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

"పంతం కాదు మే. ఏబై ఏండ్లు ఈ తక్కెడ ముందర మీయమ్మ నోరు మూసుకోలేదు. నువ్వు ముంగి మాదిరి ఎత్తుకపోతానంటే ఎట్లియ్యల్ల?"

బండి మలుపు తిరిగింది. అరుగు మీద కూర్చున్నాను. "ఎంత చెప్తాండావ్?" అన్నాను. ఆ యాస నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో.

"అయిదువేలు."

చెయ్యి పర్సు మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాను. తక్కెడ చేతిలోకి తీసుకొని, అమ్మ చేసిన సొట్ట మీద వేలు పెట్టి, దాని కోసమే వచ్చినదాన్ని, "అయిదువేలా! ఈ సొట్ట పళ్ళేనికా? తుప్పు చూడు. కాడ వంకర పోయింది. మూడు నూర్లిస్తా" అన్నాను. అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మల్లికి వంక పెట్టినప్పుడు అమ్మకు ఎట్లా ఉండిందో నాకప్పుడు తెలిసింది.

"మూడు నూర్లా! నీ నోరు పడ!" అంది ఓబుళమ్మత్త. ఆ ముడతల మొహం అంత వెలగడం ఈ ఏడాదిలో నేను చూడలేదు. మైకు బండి వచ్చింది, ఆగింది, మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది. ఆమె మూడువేలకు దిగింది, నేను అయిదు నూర్లకెక్కాను. నడుమ మా అమ్మ చివరి రోజులు వచ్చాయి, నా మోకాళ్ళు వచ్చాయి, లక్ష్మీదేవి కొడుకు చదువు వచ్చింది. నెలల కిందట రెండువేలు విసిరికొట్టిన మనిషి వెయ్యి దగ్గర బండరాయిలా కూర్చుంది. నేను ఆరు నూర్ల దగ్గర ఆగాను.

"గిట్టదు. యాడన్నా దొరికితే కొనుక్కో పో" అంది.

"వద్దులే పో" అని లేచాను. నడిచాను. ఒకటి, రెండు. మోకాళ్ళు నొప్పి. నాలుగు, అయిదు. వెనక చప్పుడు లేదు. ఆరు. ఏడు. పిలుపు రాలేదు. ఎనిమిదో అడుగు వేశాను. చెవులు రిక్కించాను. ఒకవేళ పెద్దామెకు పిలవడానికి గొంతు రాలేదేమో, ఏమన్నా అయిందేమో అనిపించింది. వెనక్కి తిరిగాను.

మంచం మీద పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వుతోంది. "తిరిగితివి! మీయమ్మ యానాడూ తిరగలే. వెయ్యి పెట్టు ఈడ."

సొట్ట పళ్ళెంలో రెండు అయిదు నూర్ల నోట్లు పెట్టాను. పెట్టి కదలకుండా నిలబడ్డాను.

"ఇంకేందీ?"

"కొసరేది అత్తా?"

ఆమె నవ్వు ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వంగి, మంచం కోడు కింద ఎత్తుకు పెట్టిన అరవీసె గుండు చూపించి, "తీస్కో. ఇది అడగకుండా పోయింటే తక్కెడ కూడా గుంజుకుందును" అంది. మంచం ఒక పక్కకు ఒరిగింది, లక్ష్మీదేవి ఇటుకముక్క తెచ్చి పెట్టింది.

ఇంటికొచ్చి వంటింట్లో మేకు కొట్టి తగిలించాను. మా ఆయన ఎంత అని అడిగాడు. వెయ్యి అన్నాను. "పరవాలేదే" అని పేపరు చదువుకోవడానికి పోయాడు. పరవాలేదట! మా అమ్మ ఉండుంటే, "ఆరు నూర్ల కాడ గట్టిగా నిలబడింటే ఏడుకు ఇయ్యకుండా యాడికి పోతాదే అది? ఎందుకు తిరిగితివి వెనక్కి?" అని వారం రోజులు నన్ను బతకనిచ్చేది కాదు. జన్మంతా ఆ సాధింపు పడలేక చెవులు మూసుకున్నాను. మొట్టమొదటిసారి బేరమాడి, తప్పు చేసి వచ్చి, రోజూ ఆ తక్కెడ కింద నిలబడుతున్నాను. తిట్టడానికి మనిషి లేదు.